రేవు కదిలాక మిగిలిన నేల

5 డాలర్ల 86 సెంట్లు. 1956లో అమెరికా రేవుల్లో ఒక టన్ను విడి సరుకును ఓడకెక్కించడానికి అయిన ఖర్చు అది. ఆ ఏడాది ఏప్రిల్ 26న న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ రేవు నుంచి ‘ఐడియల్ ఎక్స్’ అనే పాత చమురు ఓడ డెక్కు మీద 58 ఇనుప పెట్టెలు పెట్టుకుని హ్యూస్టన్‌కు బయల్దేరింది. ఆ పెట్టెల్లో వెళ్ళిన సరుకుకు లెక్క కడితే టన్నుకు 16 సెంట్లు కూడా పడలేదు. అంటే ముప్పై ఏడో వంతు.

ఆ పని చేసినవాడు మాల్కమ్ మెక్లీన్. ఓడల మనిషి కాదు, లారీల వ్యాపారి. నగరాల నడిబొడ్డున నూరేళ్ళు, రెండొందల ఏళ్ళు నడిచిన రేవులు ఆయన పెట్టె వచ్చాక పాతికేళ్ళలో పాడుబడ్డాయి. లండన్, హాంబర్గ్, బాల్టిమోర్... నది ఒడ్డునో సముద్రం ఒడ్డునో ఈరోజు మనం సాయంత్రం షికారుకు వెళ్ళే చోట్లు చాలావరకు ఆ పాడుబడిన నేలలే.

ఎందుకు పాడుబడ్డాయో చూడాలి. పాత రేవు కట్టుబడి అంతా మనిషి భుజం కొలతకు సరిపోయేట్టు ఉంటుంది. సన్నటి జట్టీ, దాన్ని ఆనుకుని నాలుగైదు అంతస్తుల గోదాము, పక్కనే రైలు పట్టా. బస్తా, పీపా, బేలు, చెక్కపెట్టె దేనికదే వేరుగా దిగాలి. కళాసీలు గుంపులు గుంపులుగా ఓడ కడుపులోకి దిగి, వలల్లో సరుకు నింపితే క్రేను పైకి లాగేది. ఓడ వారం, పది రోజులు ఒడ్డునే ఉండేది. ఆ వారంలో ఓడ సిబ్బందికి బస, సారా, బట్టల ఉతుకుడు, వడ్డీ వ్యాపారం అన్నీ రేవు వెనక వీధుల్లోనే సాగేవి. కంటైనరు రాగానే ఈ కొలతలన్నీ తప్పిపోయాయి. దానికి గోదాము అక్కర్లేదు, పెట్టే గోదాము. కావలసిందల్లా పెట్టెలు పేర్చడానికి మైదానమంత యార్డు, లోతైన నీళ్ళు, లారీలకు వెడల్పు రోడ్డు. నగరం మధ్యలో ఈ మూడూ దొరకవు. కాబట్టి ఓడలు నది దిగువకో, ఎదుటి గట్టుకో పోయాయి.

మిగిలింది నేల. నగరం గుండెకాయ పక్కనే, నీళ్ళకు ఎదురుగా ఉన్న వందల ఎకరాలు. ఎవరైనా అందులో ముందు చూసేది అందాన్నే. వాకింగ్ ట్రాక్, కాఫీ షాపు, రాత్రి దీపాలు. నా మట్టుకు నాకు ఆ ఫొటోలు చూస్తే ఒకటే సందేహం వస్తుంది. ఈ నేల కాగితం ఎవరి పేరున ఉంది? ఎప్పుడు అమ్మారు, ఏ ధరకు, ఏ షరతుకు? వాకింగ్ ట్రాక్‌కు టైల్సు ఏ రంగువైనా ఒకటే. పాత రేవు ఎవరికి దక్కుతుందో తేలేది అమ్మకం కాగితం దగ్గరే. రెండు నగరాలు ఈ పనిని రెండు తీర్లుగా చేశాయి.

లండన్: ముందు అమ్మకం, తర్వాత రైలు

1964లో లండన్ రేవు 6 కోట్ల టన్నులకు పైగా సరుకు దించి ఎక్కించింది. మూడేళ్ళు తిరక్కుండా, 1967లో ఈస్ట్ ఇండియా డాక్ మూతపడింది. 1981 నాటికి రాయల్ డాక్స్ కూడా ఆగిపోయాయి. సరుకంతా 40 కిలోమీటర్ల దిగువనున్న టిల్బరీకి చేరింది. డాకుల చుట్టూ ఉన్న అయిదు బరోలలో, అంటే స్థానిక పాలనా ప్రాంతాల్లో, 1961 నుంచి 1971 మధ్యనే దాదాపు 83,000 ఉద్యోగాలు పోయాయి.

1981లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం లండన్ డాక్‌లాండ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థను పెట్టింది. 22 చదరపు కిలోమీటర్ల మీద ప్లాన్ అనుమతులిచ్చే అధికారం స్థానిక బరోల చేతి నుంచి తీసి దానికి అప్పగించారు. మరుసటి ఏడాది ఐల్ ఆఫ్ డాగ్స్‌లో కొంత భాగాన్ని ఎంటర్‌ప్రైజ్ జోన్ చేశారు. అక్కడ కట్టినవాడికి పదేళ్ళు ఆస్తి పన్ను లేదు, కట్టడం మీద పెట్టిన ఖర్చంతా ఆదాయపు లెక్కలోంచి తీసేసుకోవచ్చు.

1998లో సంస్థను మూసేనాటికి తేలిన లెక్క ఇది. ప్రభుత్వం పెట్టింది 186 కోట్ల పౌండ్లు, ప్రైవేటు పెట్టుబడి 770 కోట్ల పౌండ్లు. జనాభా 39,400 నుంచి 83,000కు పెరిగింది. ఉద్యోగాలు 27,200 నుంచి 85,000 అయ్యాయి. కొత్త ఇళ్ళు 24,046. కాగితం మీద ఇంతకన్నా మంచి లెక్క ఉండదు.

కానీ పోయిన ఉద్యోగాలూ వచ్చిన ఉద్యోగాలూ ఒకే జాతివి కావు. మూటలు దించిన మనిషి బాండ్ల లావాదేవీల డెస్కు దగ్గర కూర్చోలేడు. ఇంకో సంగతి, నేల అమ్మిన వేగంతో రైలు రాలేదు. ఆ జోన్‌లోని కెనరీ వార్ఫ్‌లో 235 మీటర్ల ‘వన్ కెనడా స్క్వేర్’ 1991లో లేచింది. అక్కడికి పెద్ద మెట్రో, అంటే జూబిలీ లైను, వచ్చింది 1999లో. ఈ మధ్యకాలంలో డాక్‌లాండ్స్ లైట్ రైల్వే చిన్న బండ్లే దిక్కు. అంత టవరు కట్టిన ఒలింపియా అండ్ యార్క్ కంపెనీ 1992 మేలో దివాలా తీసింది. తర్వాత కెనరీ వార్ఫ్ కోలుకుంది, లక్ష మందికి పైగా పనిచేసే చోటయింది. అయినా అది ఆఫీసుల మీద ఆధారపడ్డ పేట. ఇంటి నుంచి పని చేయడం అలవాటయ్యాక, 2023లో హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు తన ప్రధాన కార్యాలయాన్ని అక్కణ్ణుంచి పాత సిటీకి మార్చుకుంటున్నట్టు ప్రకటించింది.

అట్లాంటిక్ అవతల బాల్టిమోర్ది మరో దారి, దుకాణాల దారి. 1980లో ఇన్నర్ హార్బర్ ఒడ్డున ‘హార్బర్‌ప్లేస్’ పేరుతో రెండు అంగడి మండపాలు తెరిస్తే జనం విరగబడ్డారు. ప్రపంచమంతా దాన్ని కాపీ కొట్టింది. 2019లో ఆ హార్బర్‌ప్లేస్‌ను కోర్టు నియమించిన రిసీవర్ చేతిలో పెట్టాల్సివచ్చింది. దాని గురించి ఇంతకుమించి చెప్పేదేమీ లేదు.

హాంబర్గ్: చప్పుడు చేయకుండా కొన్న నేల

అసలు కథ హాంబర్గ్‌ది. ఈ నగరం ఉత్తర సముద్రం నుంచి ఎల్బే నది మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. అయినా ఆటుపోట్లు అక్కడిదాకా వస్తాయి. రోజుకు రెండుసార్లు నీటిమట్టం మూడున్నర మీటర్లకు పైగా పెరిగి తగ్గుతుంది. జర్మనీలో హాంబర్గ్ నగరమూ, రాష్ట్రమూ కూడా. రేవు భూమిలో అధికభాగం దానిదే, రేవు నడిపే పెద్ద కంపెనీలోనూ ప్రధాన వాటా దానిదే. ఈ చిన్న వివరం ముందు ముందు పనికొస్తుంది.

1968లో ‘అమెరికన్ లాన్సర్’ అనే కంటైనరు ఓడ వచ్చేసరికి ఎల్బే ఉత్తరపు గట్టున, నగరసభ భవనానికి నడక దూరంలో ఉన్న పాత జట్టీలకు రోజులు దగ్గరపడ్డాయి. కొత్త టెర్మినళ్ళన్నీ నదికి దక్షిణాన లేచాయి. ఉత్తరాన 157 హెక్టార్లు, మన లెక్కలో దాదాపు 388 ఎకరాలు, మెల్లమెల్లగా పని తగ్గి, షెడ్లు, పట్టాలు, చిన్న కంపెనీల లీజులతో మిగిలాయి.

1990ల తొలినాళ్ళలో మేయర్ హెన్నింగ్ ఫోషెరావ్ ఒక పని మొదలుపెట్టించాడు. నేల నగరానిదే, కానీ దాని మీద షెడ్లు, లీజు హక్కులు కంపెనీలవి. రేవు సంస్థ కింద ఒక కంపెనీ పెట్టి ఆ హక్కులన్నీ ఒక్కొక్కటిగా కొనిపించాడు. బయటికి పొక్కనివ్వలేదు. పొక్కితే ఏమవుతుందో మనవాళ్ళకు చెప్పనక్కర్లేదు. రింగ్‌రోడ్డు వస్తుందనో రాజధాని వస్తుందనో గాలి వార్త వచ్చిన వారంలో గజం ధర ఎక్కడికి పోతుందో రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. హాంబర్గ్ ఆ వారాన్ని రానివ్వలేదు. కొనాల్సిందంతా దాదాపు చేతికొచ్చాక, 1997 మే 7న మేయర్ ఒక సభలో నిలబడి ఆ నేల మీద రాబోయే ‘హాఫెన్‌సిటీ’ అనే కొత్త పేటను ప్రకటించాడు. మాస్టర్ ప్లాన్ 2000 సంవత్సరంలో ఆమోదం పొందింది.

మొదట్లో ఈ నేల అమ్మకాల డబ్బు పార్కులకో ఇళ్ళకో ఉద్దేశించింది కాదు. నదికి దక్షిణాన ఆల్టెన్‌వెర్డర్ అనే చోట కొత్త కంటైనరు టెర్మినల్ కట్టాలి. నగరం నడిమధ్య పాత రేవును అమ్మి, ఆ డబ్బుతో అవతలి గట్టున కొత్త రేవు కట్టడం, అదీ అసలు పథకం. ఆ టెర్మినల్ 2002లో తెరుచుకుంది. ఆల్టెన్‌వెర్డర్ మాత్రం ఖాళీ నేల కాదు, జాలర్ల ఊరు. 1970ల నుంచి పాతికేళ్ళపాటు ఒక్కో కుటుంబాన్నీ ఖాళీ చేయించారు. ఇప్పుడక్కడ చర్చి ఒక్కటే మిగిలింది, యంత్రాలు నడిపే కంటైనరు యార్డు పక్కన. హాఫెన్‌సిటీ విజయగాథల్లో ఈ పేరా సాధారణంగా కనపడదు.

జనాన్ని ఇలా ఖాళీ చేయించడం హాంబర్గ్‌కు కొత్త కూడా కాదు. హాఫెన్‌సిటీకి ఉత్తరపు హద్దుగా ఎర్ర ఇటుక గోదాముల వరుస, ష్పైషర్‌స్టాట్, ఉంది. 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. టీ, కాఫీ, తివాచీలు, సుగంధ ద్రవ్యాలు సుంకం కట్టకుండా దాచుకునేందుకు 1883 నుంచి దాన్ని కట్టారు. ఆ చోట అంతకుముందు ఇళ్ళున్నాయి. సుమారు 20,000 మందిని లేపేసి కట్టారు. రేవు వచ్చినప్పుడూ జనమే లేచారు, రేవు మారినప్పుడూ జనమే లేచారు.

ఇక అమ్మకం తీరు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు కిటుకు ఇదే.

మన దగ్గర ప్లాటు అమ్మకం ఎలా ఉంటుంది? బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటారు. రిజిస్ట్రేషన్ గడువులోపు ఆ అగ్రిమెంటే ఇంకొకరికి, వాళ్ళు మరొకరికి లాభానికి మార్చేస్తుంటారు. ఇటుక పడకుండానే ధర రెట్టింపవుతుంది. హాంబర్గ్ కూడా ఒకరకం అగ్రిమెంటే పెట్టింది. ఎంపికైన బిల్డరుకు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా స్థలం మీద హక్కు ఇస్తారు. కానీ ఆ గడువులో అతను ఆర్కిటెక్టుల పోటీ పెట్టాలి, నేల పరీక్షలు చేయించాలి, డిజైను ఖరారు చేసుకుని కట్టడానికి అనుమతి తెచ్చుకోవాలి. అప్పుడే సొమ్ము కట్టి స్థలం పేరున రాయించుకోవడం. ఈ లోపు ఇంకొకరికి అమ్ముకోవడానికి లేదు. చేయలేకపోయినా, మాట తప్పినా స్థలం మళ్ళీ నగరం చేతికే వస్తుంది.

ఎంపిక కూడా వేలంపాట కాదు. ఇళ్ళ స్థలాల విషయంలో ధరకు 30 శాతం మార్కులు, ఆలోచనకు 70 శాతం. ఎవరు ఎక్కువ డబ్బిస్తారన్నదానికన్నా కింది అంతస్తులో ఏం పెడతావు, ఎలాంటి కుటుంబాలకు ఇళ్ళిస్తావు, కరెంటు ఎంత తక్కువ వాడతావు అన్నదానికి బరువెక్కువ. కింది అంతస్తును వీధికి తెరిచి ఉంచాలన్నది చాలా స్థలాల్లో షరతు. దుకాణం, హోటలు, పిల్లల బడి, ఏదో ఒకటి. నేల సొంతదారు అమ్మడానికి తొందరపడకపోతే ఇన్ని షరతులు పెట్టగలడు. సొమ్ము అత్యవసరంగా కావాల్సినవాడు ఒక్కటీ పెట్టలేడు.

మొత్తం లెక్క చూద్దాం. ప్రైవేటు పెట్టుబడి సుమారు 1,000 కోట్ల యూరోలు, ప్రభుత్వానిది సుమారు 300 కోట్లు. ఆ 300 కోట్లలో దాదాపు సగం, 150 కోట్లు, నేల అమ్మగా వచ్చిందే. పూర్తయ్యేసరికి 7,500 నుంచి 8,000 ఇళ్ళు, 45,000 ఉద్యోగాలు ఉండాలని లక్ష్యం. లండన్‌లో రైలు వెనకబడ్డ తప్పు ఇక్కడ జరగలేదు. యూ4 మెట్రో 2012 నాటికే వచ్చింది, అప్పటికి పేటలో తూర్పు సగం ఇంకా ఇసుకే. ఖాళీ స్టేషను కట్టారని అప్పట్లో చాలామంది నవ్వారు.

ఉప్పెనకు లెక్క కట్టిన మీటర్లు

1962 ఫిబ్రవరి 16 రాత్రి ఉత్తర సముద్రపు తుఫాను ఎల్బే నదిలోకి నీటిని ఎగదోసింది. సముద్ర మట్టానికి 5.70 మీటర్ల ఎత్తున నీళ్ళు. కరకట్టలు డజన్ల చోట్ల తెగాయి. హాంబర్గ్‌లో 315 మంది చనిపోయారు. మన తీరంలో 1977 నవంబరు 19 తర్వాత దివిసీమ ఎలా తేదీలు లెక్కపెట్టుకుందో, ఆ నగరం అలా 1962ని లెక్కపెట్టుకుంటుంది. 1976 జనవరిలో నీళ్ళు ఇంకా పైకి, 6.45 మీటర్లకు వచ్చాయి. ఇప్పటికీ అదే రికార్డు. అప్పటికి కట్టలు ఎత్తు చేసి ఉన్నారు కనుక 1962 నాటి ఘోరం మళ్ళీ జరగలేదు.

హాఫెన్‌సిటీ కరకట్టకు బయట, నది వైపు ఉంది. జట్టీల ఎత్తు నాలుగు నుంచి అయిదున్నర మీటర్లు, అంటే పెద్ద ఉప్పెన వస్తే మునిగే ఎత్తు. పేట చుట్టూ కొత్త కరకట్ట కట్టొచ్చు. ఇంజనీర్లు వద్దన్నారు, రెండు కారణాలకు. కట్ట పూర్తయ్యేదాకా ఒక్క ఇల్లూ కట్టలేరు, అమ్మలేరు. పూర్తయ్యాక నీటికెదురుగా గోడ లేస్తుంది, నీళ్ళ పక్క స్థలమని చెప్పి అమ్మిందంతా అబద్ధమవుతుంది. అందుకని కట్ట మానేసి, ప్రతి భవనాన్నీ దానికదే సముద్ర మట్టానికి ఏడున్నర నుంచి తొమ్మిది మీటర్ల ఎత్తుకు లేచే దిబ్బ మీద కట్టించారు. పాత రోజుల్లో ఆ తీరపు రైతులు మట్టి దిబ్బల మీద ఇళ్ళు కట్టుకునే పద్ధతే ఇది. దిబ్బ లోపలి ఖాళీలో కార్ల పార్కింగు. ఖర్చు బిల్డరుదే, ఎందుకంటే పార్కింగు ఎలాగూ కావాలి.

నది ఒడ్డు నుంచి చూస్తే ఈ ఏర్పాటు విడమరిచినట్టు కనపడుతుంది. పాత జట్టీ రాతి గోడలు అలాగే ఉన్నాయి, దాని మీద నడిచే దారి. మెట్లెక్కితే మూడు నాలుగు మీటర్ల పైన వీధి, వీధిలో ఇళ్ళ గుమ్మాలు. నడిచే దారి వైపున్న పార్కింగు, కింది హోటళ్ళ ద్వారాలకు బరువైన ఉక్కు తలుపులు, చుట్టూ రబ్బరు అంచులు. తుఫాను హెచ్చరిక రాగానే వాటిని బిగించేస్తారు. 2013 డిసెంబరు 6న తుఫాను జేవియర్ వచ్చినప్పుడు నీళ్ళు 6.09 మీటర్లకు లేచాయి. నడిచే దారులు మునిగాయి, పైవీధులు పొడిగానే ఉన్నాయి. జాంట్‌టోర్ అనే పాత డాకులో తేలే జట్టీ ఒకటుంది, 5,600 చదరపు మీటర్లది. పాతకాలపు ఓడలను దానికి కట్టి ఉంచుతారు. ఆటుపోట్లతోపాటే అదీ రోజుకు రెండుసార్లు లేచి దిగుతుంది.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. సముద్ర మట్టం లెక్క మారితే ఇప్పటికే కట్టిన దిబ్బ ఎత్తు పెంచలేరు. మొదట్లో ఏడున్నర మీటర్ల నుంచి మొదలుపెట్టి, తర్వాత కట్టిన వీధులకు ఎత్తు పెంచుకుంటూ వచ్చారు. పాత వీధులు మాత్రం పాత ఎత్తులోనే ఉన్నాయి.

పదింతలైన బిల్లు

ఇంత జాగ్రత్తగా లెక్క చూసిన నగరమే ఒక్కచోట లెక్క తప్పింది, అదీ మామూలు తప్పు కాదు. హాఫెన్‌సిటీలో ఒక జట్టీ కొసన 1960లలో కట్టిన ‘కైష్పైషర్ ఎ’ అనే కోకో గోదాము ఉంది. పాపం, అది లేచిన రెండేళ్ళకే కంటైనరు ఓడ వచ్చింది. దాని ఇటుక గోడలు ఉంచి, నెత్తిన గాజు కెరటంలాంటి సంగీత మందిరం కట్టాలన్నది 2003 నాటి ఆలోచన. డిజైను హెర్జోగ్ అండ్ డి మ్యురాన్‌ది. పెద్ద హాల్లో 2,100 సీట్లు, మొత్తం ఎత్తు 110 మీటర్లు. పేరు ఎల్బ్‌ఫిల్హార్మోనీ.

2005లో పన్ను కట్టేవాళ్ళ మీద పడే భారం 7.7 కోట్ల యూరోలన్నారు. 2010లో తెరుస్తామన్నారు. డిజైను పూర్తిగా తేలకముందే కాంట్రాక్టు ఇచ్చేశారు, మార్పు వచ్చినప్పుడల్లా బిల్లు పెరిగింది. నగరానికీ కాంట్రాక్టరుకూ తగవు ముదిరి ఏడాదిన్నరపాటు పని ఆగింది. శాసనసభ విచారణ కమిటీ వేసింది. చివరికి 2017 జనవరి 11న తెరిచేనాటికి నగరం ఖర్చు 78.9 కోట్లు, విరాళాలతో కలిపి 86.6 కోట్ల యూరోలు. పదింతలు. ఇప్పుడా మందిరం ముందు ఫొటో దిగని పర్యాటకుడు లేడు, కాబట్టి జనం ఆ బిల్లును క్షమించినట్టే కనిపిస్తారు. క్షమించడానికి నగరం దగ్గర డబ్బుంది కదా అన్నది వేరే సంగతి.

తూర్పు కొసన క్షమించడం అంత తేలిక కాని కట్టడం ఇంకొకటుంది. 245 మీటర్ల ఎత్తు వేయాలనుకున్న ఎల్బ్‌టవర్ 2023 అక్టోబరులో దాదాపు 100 మీటర్ల దగ్గర ఆగిపోయింది. కట్టిస్తున్న ఆస్ట్రియా వ్యాపార సామ్రాజ్యం ‘సిగ్నా’ దివాలా తీసింది. హాఫెన్‌సిటీలోని పెద్ద దుకాణాల సముదాయం కథా ఇలాంటిదే. 2008 ఆర్థిక సంక్షోభంలో మొదటి పెట్టుబడిదారులు చేతులెత్తేస్తే చాలా ఏళ్ళు గొయ్యిగా ఉండిపోయి, 2025 ఏప్రిల్లో గానీ తెరుచుకోలేదు. ఒక్క పెద్ద బిల్డరుకు అప్పజెప్పిన పెద్ద స్థలాలే చిక్కు తెచ్చాయి. చిన్న చిన్న స్థలాలుగా వేరువేరు చేతులకిచ్చిన వీధులు ఆ సంక్షోభాల్లో పెద్దగా తొణకలేదు. ఇదొక్కటి చాలు, ఎవరైనా హాంబర్గ్ వెళ్ళి నేర్చుకురావడానికి.

ఇళ్ళ సంగతి కూడా. మొదటి పదేళ్ళలో కట్టినవి డబ్బున్నవాళ్ళ ఫ్లాట్లే. ఆ విమర్శ గట్టిపడ్డాక, 2010 తర్వాత అమ్మిన ఇళ్ళ స్థలాల్లో మూడో వంతు ప్రభుత్వ సాయంతో తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళు ఉండాలని నియమం పెట్టారు. పెట్టగలిగారంటే ఒకటే కారణం, అప్పటికి తూర్పు సగం నేల ఇంకా అమ్మలేదు. లండన్ తీరులో అంతా మొదట్లోనే అమ్మేసి ఉంటే మనసు మార్చుకునే వీలే లేదు.

ముంబై: నేల ఒకరిది, నగరం ఇంకొకరిది

ఇప్పుడు మన తీరానికి వద్దాం. ముంబై తూర్పు ఒడ్డున కొలాబా సస్సూన్ డాక్ నుంచి వడాలా దాకా ముంబై పోర్టు భూములు సుమారు 752 హెక్టార్లు, 1,850 ఎకరాల పైచిలుకు. 68 చదరపు కిలోమీటర్ల దీవి నగరంలో తొమ్మిదో వంతు. హాఫెన్‌సిటీకి దాదాపు అయిదింతలు. తలకు చదరపు మీటరు కొంచెం పైన మాత్రమే ఖాళీ జాగా ఉన్న నగరంలో ఇది ఎంత పెద్ద ఆస్తో ఊహించుకోవచ్చు.

రేవు ఇక్కడ కూడా అవతలి గట్టుకే పోయింది. 1989 మే 26న ఎదుటి తీరంలో జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు తెరిచారు. 2024-25లో అది ఇరవై అడుగుల పెట్టెల లెక్కన 70 లక్షలకు పైగా కంటైనర్లు నడిపింది. పాత ముంబై పోర్టు చచ్చిపోలేదు, ఏటా 6 కోట్ల టన్నులకు పైనే చూస్తుంది. కాకపోతే అందులో పెద్ద భాగం సముద్రం మధ్య జవహర్ ద్వీపం దగ్గర గొట్టాల్లోంచి దిగే చమురు. దానికి ఊళ్ళో జట్టీ అక్కర్లేదు. 1880 నాటి ప్రిన్సెస్ డాకును కొత్త కంటైనరు టెర్మినల్‌కు యార్డు చేద్దామని పూడ్చేశారు, ఆ టెర్మినల్ అనుకున్నట్టు నడవలేదు. దారూఖానాలో పాత ఓడలు విరిచే యార్డులు, ఇనుప సామాన్ల గోదాములు, ఎప్పుడో ముగిసిన లీజులు, వేల గుడిసెలు. 2014లో ఈ భూముల మీద వేసిన రాణీ జాధవ్ కమిటీ నివేదిక ఇచ్చింది. 2018 చివర ముసాయిదా ప్లాన్ వచ్చింది. ఓడ ప్రయాణికుల టెర్మినల్, ఫెర్రీలు వచ్చాయి. నేల అమరిక మాత్రం ఉన్నచోటే ఉంది.

ముంబైవాళ్ళకు ఇందులో భయపడే కారణముంది. గిర్నీల, అంటే బట్టల మిల్లుల, భూములు ఏమయ్యాయో ఒకసారి చూశారు. ఆ మిల్లుల్లో తెలంగాణ పద్మశాలీలు తరాలుగా పనిచేశారు. కామాటిపురా అన్న పేరే హైదరాబాదు సంస్థానం నుంచి వెళ్ళిన కామాటి కూలీల వల్ల వచ్చింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చాలా తెలుగు కుటుంబాలు భివండీ మరమగ్గాల దగ్గరికి చేరాయి. దాదాపు 600 ఎకరాల మిల్లు భూమికి 1991లో ఒక నియమం చేశారు. మూడో వంతు పార్కులకు, మూడో వంతు చౌక ఇళ్ళకు, మిగతాది యజమానికి. 2001లో ఆ నియమాన్ని సవరించి, షెడ్లున్న నేలను లెక్కలోంచి తీసేశారు. మూడు వాటాలు ఖాళీ జాగాకు మాత్రమే. మిల్లులో ఖాళీ జాగా ఎంతుంటుంది? 2006లో సుప్రీంకోర్టు సవరణ చెల్లుతుందంది. పార్కులు, చౌక ఇళ్ళు రావలసిన నేల చాలావరకు మాళ్ళు, టవర్లు అయిపోయింది.

పోర్టు భూమికి చిక్కు ఇంకోటి. హాంబర్గ్‌లో నగరం, రాష్ట్రం, నేల సొంతదారు ఒకే జేబు. ముంబైలో నేల కేంద్ర ప్రభుత్వపు పోర్టు అథారిటీది, రోడ్లు మురుగునీళ్ళు మునిసిపల్ కార్పొరేషన్‌వి, ఇళ్ళ విధానం రాష్ట్రానిది. పోర్టు తన వేలాది విశ్రాంత ఉద్యోగుల పింఛన్లు కట్టాలి. కనుక నేల మీద వచ్చే ప్రతి రూపాయీ దానికి కావాలి, అదీ తొందరగా కావాలి. అక్కడ పార్కు వస్తే లాభం నగరానిది, నష్టం పోర్టుది. 70 శాతం మార్కులు ఆలోచనకిచ్చే ఓపిక ఆ లెక్కల పుస్తకాల్లో ఎలా పుడుతుంది?

విశాఖది కూడా ఇదే అమరిక. 1933లో తెరిచిన ఇన్నర్ హార్బర్, 1976లో వచ్చిన ఔటర్ హార్బర్, రెండూ నగరం మధ్యలోనే, పనిచేస్తూనే ఉన్నాయి. 2023లో ప్రయాణికుల ఓడలకు టెర్మినల్ కూడా కట్టారు. పాతబస్తీ వీధుల మీద బొగ్గు పొడి పడుతూనే ఉంది. గంగవరం రేవు పక్కనే ఉండగా నగరం మధ్య నుంచి బొగ్గును తరలించాలనే మాట అప్పుడప్పుడూ వస్తుంటుంది. అది జరిగిన రోజున ఖాళీ అయ్యే జట్టీలు, యార్డుల మీద హక్కు పోర్టు అథారిటీకి ఉంటుంది. ప్లాన్ గీసేది మెట్రోపాలిటన్ అభివృద్ధి సంస్థ, నీళ్ళూ డ్రైనేజీ ఇవ్వాల్సింది నగరపాలక సంస్థ జీవీఎంసీ. మూడు సంస్థలు, మూడు ఖజానాలు. వచ్చిన సొమ్ములో ఎవరి వాటా ఎంతో బొగ్గు కదలకముందే రాసుకుంటేనే ఆ తర్వాత షరతు పెట్టే అవకాశం ఎవరికైనా మిగులుతుంది.